నాన్న వరి క్రాసింగ్ నోట్‌బుక్కులు కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లా, నేను ఉండేది హైదరాబాద్‌లో. మా నాన్నగారు చిట్టిముత్యాలు అనే వాసన వరిని ఎంటీయూ 1010 అనే రకంతో క్రాస్ చేసి కొన్నేళ్లుగా దాని వెంటే ఉన్నారు. చిట్టిముత్యాలు వాసన ఉండాలి, 1010లాగా పొట్టిగా ఉండి గాలివానకి పడిపోకూడదు, అదీ ఆయన లెక్క. చేలో పనంతా ఆయనదే. రికార్డుల పని మాత్రం నా నెత్తిన పడింది.

నోట్‌బుక్కులు నాలుగైదు ఉన్నాయి. ఒక పేజీలో ఇలా ఉంటుంది: "బోదె పక్క మూడో సాలు. 11వ దుబ్బు బాగుంది. ఉంచాలి." ఏ చేలో బోదె, ఏ ఏడు సార్వా (వానాకాలం పంట), ఆ సాలులో వేసింది అంతకుముందు ఏ దుబ్బు గింజ అని అడిగితే ఆయన టకటకా చెప్తారు. పుస్తకంలో మాత్రం ఉండదు. విత్తన పొట్లాల మీద ఇంకో వరస నంబర్లు. నేను ఎక్సెల్‌లో ఒక్కో పంటకి ఒక్కో షీట్ పెట్టి ఎక్కిస్తున్నాను. సార్వా షీట్‌లో 14వ సాలు దాళ్వా (రెండో పంట) షీట్‌లో ఎక్కడికి పోయిందో వెతకడానికే పొద్దు గడిచిపోతోంది.

దీనికి వేరే సాఫ్ట్‌వేర్ ఉందా, లేక ఎక్సెల్ చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పొలం_పీహెచ్‌డీ:

అన్నా, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. ముందు ఇవి చెప్పండి. ఎన్ని క్రాసులు? ఇప్పుడు ఏ తరంలో ఉన్నారు? దుబ్బు దుబ్బుకీ విడిగా కోసి సాలు వేస్తున్నారా, లేక అన్నీ కలిపి కోసేస్తున్నారా? కలిపి కోస్తే రికార్డు చాలా చిన్నది. విడిగా అయితేనే ఈ తిప్పలన్నీ.

గోదారి_గట్టు:

విడిగానే అండి. బాగున్న ఒక్కో దుబ్బు గింజ ఒక్కో సాలు. ఇప్పుడు ఎఫ్4 (క్రాస్ చేశాక నాలుగో తరం) గింజ పొట్లాల్లో ఉంది. ఈ మధ్యే బీపీటీ 5204 (సాంబ మసూరి)తో ఇంకో క్రాస్ కూడా మొదలుపెట్టారు. అది ఇంకా ఎఫ్1 దగ్గరే ఉంది.

పాత_బ్రీడర్:

బాబూ, మీ నాన్నగారికి ముందు నా నమస్కారం. మధ్యాహ్నం ఎండలో కూర్చుని పువ్వు పువ్వుకీ కత్తెర పెట్టి కేసరాలు లాగి, బటర్ పేపర్ కవర్ తొడిగి, మర్నాడు పొద్దున్న పుప్పొడి దులపడం ఎంత ఓపిక పనో చేసినవాళ్లకే తెలుసు.

కంప్యూటర్లు రాకముందు కూడా ఈ చిక్కు ఉండేది, దానికి మందూ ఉండేది. మొక్క పేరులోనే దాని వంశం పెట్టేయడం. ఐఆర్8 అనే వరి రకం అసలు పూర్తి పేరు ఐఆర్8-288-3. ఐఆర్ అంటే మనీలా దగ్గరి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, 8 అంటే వాళ్లు చేసిన ఎనిమిదో క్రాస్ (పేటా, డీ-జియో-వూ-జెన్ అనే రకాల మధ్య), 288 అంటే సాలు, 3 అంటే ఆ సాలులో మూడో మొక్క. 1966లో విడుదలై, మరుసటి ఏడే మీ జిల్లాలో ఆచంట నెక్కంటి సుబ్బారావు గారి చేలో పండిన వరి వంశమంతా ఆ ఒక్క పేరులో ఉంది.

మీరూ అదే చేయండి. మొదటి క్రాస్ 1. అందులో ఎఫ్2లో 37వ దుబ్బు తీస్తే 1-37. దాని సాలులో 11వ దుబ్బు తీస్తే 1-37-11. ప్రతి తరానికీ ఒక గీత, ఒక అంకె. ఎవరు ఏ పొట్లం తెచ్చినా దాని తాత ఎవరో పైనే రాసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు.

తల్లిదండ్రులు రాసేటప్పుడు ఆడది ముందు, మగది తర్వాత, మధ్యలో ఒక గీటు. బీపీటీ 5204 పుట్టుక జీఈబీ 24/టీఎన్ 1//మసూరి. ఒక గీటు మొదటి క్రాస్, రెండు గీట్లు ఆ తర్వాత చేసిన క్రాస్. మూడోది వస్తే /3/ అని రాస్తాం. 1968 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి ఇదే.

కోడ్_కాపరి:

నేను వ్యవసాయం మనిషిని కాదు, డేటాబేస్‌ల మీద బతుకుతున్నవాణ్ని. సార్ చెప్పింది కాగితం మీద బాగుంది. కంప్యూటర్‌లో అదే తాళంచెవిగా (ప్రతి పొట్లాన్నీ పట్టుకునే గుర్తుగా) పెట్టుకుంటే ఏదో ఒక రోజు ఇరుక్కుంటారు. ఎందుకంటే పేరులో అర్థం ఉంటే, ఆ అర్థం తప్పని తేలిన రోజు పేరు మార్చాలి. 37 కాదు, 31 అని నాన్నగారికి తర్వాత గుర్తొచ్చిందనుకోండి. అప్పటికే దాని పిల్లలు, మనవలు అందరి పేర్లలో 37 ఉంది. పొట్లాల మీద, ట్యాగుల మీద, ఎత్తులు కొలిచిన షీట్లలో అన్ని చోట్లా మార్చాలి. ఒక్కటి మర్చిపోయినా రెండు వంశాలు పుట్టుకొస్తాయి.

నేనైతే ఇలా చేస్తాను. ఇంట్లో ఉన్న ప్రతి పొట్లానికీ ఒక వరస నంబరు. దానికి ఏ అర్థమూ ఉండదు, ఎప్పటికీ మారదు, పొట్లం ఖాళీ అయినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు. అది ఎవరి నుంచి వచ్చిందో పక్క కాలమ్‌లో.

0001, చిట్టిముత్యాలు
0002, ఎంటీయూ 1010
0003, ఎఫ్1, ఆడ 0001, మగ 0002
0004, ఎఫ్2, తల్లి 0003
0112, ఎఫ్3, తల్లి 0004, దుబ్బు 37
0305, ఎఫ్4, తల్లి 0112, దుబ్బు 11

ఇది ఒక జాబితా, పంటకి ఒకటి కాదు, మొత్తానికి ఒకటే. రెండో జాబితా నాట్లది: సార్వా 2023, పై చేను, 3వ సాలు, పొట్లం 0112. మూడోది చూసినవాటిది: సార్వా 2023, 3వ సాలు, 11వ దుబ్బు, ఎత్తు 96, తేదీ, కొలిచినవాళ్ల పేరు. నాన్నగారి "బోదె పక్క మూడో సాలు" రెండో జాబితాలోకి వెళ్తుంది, "11వ దుబ్బు బాగుంది" మూడోదాంట్లోకి, "ఉంచాలి" అన్నందుకు మొదటి జాబితాలో 0305 పుడుతుంది.

సాలు ఏటా మారుతుంది, పొట్లం మారదు. మీరు షీట్ నుంచి షీట్‌కి వెతుక్కోవాల్సి వస్తున్నది సాలు నంబరుతో వెతుకుతున్నందుకే.

పాత_బ్రీడర్:

కాపరి గారూ, చేలో నిలబడి 0305 అంటే నాకు ఏం తెలుస్తుంది చెప్పండి? పక్కపక్కన ఉన్న రెండు సాళ్లు అన్నదమ్ములా, వేరే ఇంటివాళ్లా అన్నది చూడగానే తెలియాలి. అన్నదమ్ముల సాళ్లన్నీ ఒకేలా బాగుంటే ఆ కుటుంబాన్ని ఉంచుతాం. అది పేరులో కనపడకపోతే ఎంపిక ఎలా చేస్తారు? ఇంటికెళ్లి కంప్యూటర్ తెరిచి చూసి మళ్లీ చేలోకి రావాలా?

కోడ్_కాపరి:

చేలో పెట్టే ట్యాగు మీద వంశం పేరు కూడా అచ్చు వేయండి సార్, ఎవరు వద్దన్నారు? తల్లి కాలమ్ ఉంటే ఆ పేరుని కంప్యూటరే తయారుచేస్తుంది. మనం చేత్తో టైప్ చేయకూడదు, అంతే.

పొలం_పీహెచ్‌డీ:

ఇద్దరూ ఒకే మాట రెండు వైపుల నుంచి చెప్తున్నారు. మా ల్యాబ్‌లో లోపల వరస నంబరు, ట్యాగు మీద వంశం పేరు. రెండూ ఉంటాయి.

కానీ ఎక్సెల్ గురించి ఒక ముచ్చట చెప్పాలి, ఇది తెలియక మంచి మంచి డేటా పాడైంది. సార్ చెప్పిన 1-37-11 ఎక్సెల్‌లో కొడితే ఏమీ కాదు, ఎందుకంటే 37వ నెల లేదు. అదే 1-12-3 కొట్టండి. 2003 డిసెంబర్ 1 అయి కూర్చుంటుంది. అంటే మొత్తం జాబితా పాడవదు, ఇలా మూడు అంకెలున్న పేర్లలో మధ్య అంకె 12 దాటనివి మాత్రమే పాడవుతాయి. అందుకే చాలా రోజులు ఎవరికీ కనపడదు. కనిపెట్టి ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే 37956 అని వస్తుంది. ఎక్సెల్ లోపల ఆ తేదీకి ఉన్న అంకె అది. తేదీ వరస వేరుగా పెట్టుకున్న ఇంకో కంప్యూటర్‌లో టైప్ చేసి ఉంటే అదే 1-12-3 జనవరి 12 అయి ఉంటుంది.

ఇది మనకే కాదు. మనుషుల జన్యువుల్లో మార్చ్1, సెప్ట్1 అని పేర్లుండేవి, ఎక్సెల్ వాటిని తేదీలు చేసేస్తుంటే విసిగిపోయి చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు, మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని. అప్పట్లో ఎక్సెల్ మారలేదు, సైన్స్ మారింది 😀

కాపరి అన్న 0305 కూడా 305 అయిపోతుంది చూడండి. ముందు సున్నా మింగేస్తుంది. అందుకని టైప్ చేయకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. ఇంకా మేలైన దారి, నంబరు ముందు ఒక అక్షరం తగిలించండి. అక్షరం ఉంటే అది తేదీ అవ్వదు, సున్నా పోదు. కాకపోతే రెండు అంకెల మధ్యలో మాత్రం ఇంగ్లిష్ 'ఈ' రాకూడదు. సాలు నంబరు 2, తర్వాత 'ఈ', తర్వాత 10 అని కొడితే రెండు పక్కన పది సున్నాలనుకుంటుంది.

మిరప_తోట:

గుంటూరు నుంచి. మాది మిరప. వరి తన పుప్పొడి తనే వేసుకుంటుంది కాబట్టి మీకు తల్లి ఒక్కటి రాస్తే సరిపోయింది. మిరపలో తేనెటీగ వచ్చి పక్క సాలు పుప్పొడి తెచ్చి పెడుతుంది. కాబట్టి నా షీట్‌లో ఇంకో కాలమ్ తప్పనిసరి: ఈ కాయ కవర్ కట్టిన కొమ్మదా, విడిచిపెట్టిన కొమ్మదా అని. విడిచిపెట్టినదైతే తండ్రి దగ్గర "తెలియదు" అని రాస్తాను, ఖాళీగా వదలను. ఖాళీ అంటే రాయడం మర్చిపోయామా, నిజంగా తెలియదా అన్నది రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

గోదారి_గట్టు:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని మొదటి జాబితా మొదలుపెట్టాను. ఒక సందేహం. నాన్న పుస్తకాల్లో మగ మొక్క ఒకచోట "1010", ఇంకోచోట "ఎంటీయూ1010", ఇంకోచోట "కాటన్‌దొర సన్నాలు", ఒక దగ్గర "కొత్త సన్నాలు" అని కూడా ఉంది. మొదటి మూడూ ఒకటేనని నాకు తెలుసు. కానీ ఫిల్టర్ పెడితే నాలుగు రకాలుగా వస్తున్నాయి.

పాత_బ్రీడర్:

దీనికి విడిగా ఒక చిన్న పట్టిక పెట్టుకోండి. ఎడమవైపు ఊళ్లో పిలిచే పేరు, కుడివైపు అసలు పేరు. స్వర్ణ అన్నా ఎంటీయూ 7029 అన్నా ఒకటే, మారుటేరు రకం. సాంబ మసూరి అన్నా బీపీటీ 5204 అన్నా ఒకటే, బాపట్లది. ఇవి సులువు. బియ్యం కొట్లో "సోనా మసూరి" అన్నది విత్తనం దగ్గర ఏమిటో మాత్రం అడిగి రాసుకోవాలి, ఊహించి రాయకూడదు. "కొత్త సన్నాలు" కూడా అంతే. అది 1010 అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. నాన్నగారిని అడగండి. ఆయనకీ గుర్తు లేకపోతే ఆ పొట్లానికి మగ మొక్క "తెలియదు". మిరప తోట గారి మాట అన్ని పంటలకీ పనికొస్తుంది.

పుస్తకంలో ఉన్న మాటని మాత్రం చెరపకండి. "పుస్తకంలో ఉన్నట్టు" అని ఒక కాలమ్, "మనం తేల్చుకున్నది" అని ఇంకో కాలమ్. రేపు ఈ రకాన్ని రైతు రకంగా నమోదు చేయించాలంటే 2001 మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం ప్రకారం తల్లిదండ్రుల వివరాలు, అవి ఎక్కడ నుంచి వచ్చాయో రాయాలి. అప్పుడు ఈ పుస్తకాలే మీకు ఆధారం.

ఇంకో ముచ్చట. 1010 పుట్టుక కృష్ణవేణి/ఐఆర్ 64. అంటే మీ నాన్నగారి క్రాస్ నిజానికి చిట్టిముత్యాలు//కృష్ణవేణి/ఐఆర్ 64. ఈయన చేసింది రెండో అంతస్తు అన్నమాట.

మందారం_విశాఖ:

మధ్యలో దూరుతున్నాను, తిట్టకండి. మాది మేడ మీద మందారాలు, హాబీ. మాకు తరాల గొడవ లేదు, నచ్చిన మొక్క దొరికితే కొమ్మ కత్తిరించి నాటుకోవడమే. కానీ పది కుండీలు ఒకే మొక్క కొమ్మలు. నంబరు కుండీకి ఇవ్వాలా, మొక్కకి ఇవ్వాలా?

కోడ్_కాపరి:

రెండిటికీ ఇవ్వండి మేడమ్. మొక్కకి ఒకటి, కుండీకి ఒకటి, కుండీ జాబితాలో మొక్క నంబరు. కుండీ పగిలితే మొక్క పోయినట్టు కాదు కదా.

పొలం_పీహెచ్‌డీ:

గట్టు అన్నా, అసలు కంప్యూటర్ ఎందుకు అన్నదానికి ఒక మాట. వెతుక్కోవడం ఒక్కటే కాదు, పొట్లాలు ఎక్కడ కలిసిపోయాయో అదే పట్టిస్తుంది.

మీ క్రాస్‌లో రెండు గుణాలున్నాయి, వాసన, పొట్టితనం. 1010లో ఉన్న పొట్టి జన్యువు రిసెసివ్, అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది. వరిలో వాసన కూడా దాదాపు ఎప్పుడూ రిసెసివే. ఒకటి మొదటి క్రోమోజోమ్ మీద, ఇంకోటి ఎనిమిదో దాని మీద, కాబట్టి దేని దారి దానిది. ఎఫ్2లో పొట్టివి నాలుగో వంతు, వాసనవి నాలుగో వంతు, రెండూ ఉన్నవి పదహారో వంతు రావాలి. 400 దుబ్బులు వేస్తే పాతిక దరిదాపుల్లో.

ఇప్పుడు చూడండి. రిసెసివ్ గుణం ఒకసారి బయటపడిన మొక్క పిల్లలందరిలోనూ అదే ఉండాలి. పొట్టి దుబ్బు గింజ వేస్తే పొడుగు మొక్క రాకూడదు. వాసన ఉన్న దుబ్బు పిల్లల్లో వాసన లేనిది రాకూడదు. కాబట్టి మూడో జాబితాలోంచి "తల్లి పొట్టి, పిల్ల పొడుగు" అన్న వరసలన్నీ తీయమని కంప్యూటర్‌ని అడగండి. వస్తే మూడే కారణాలు: పొట్లం మారింది, కల్లంలో వేరే గింజ కలిసింది, లేక ఎక్కడో పరాయి పుప్పొడి పడింది. ఒకటీ అరా పొడుగు మొక్క కనపడితే కలిసిన గింజ. సాలు సాలంతా పొడుగైతే పొట్లమే మారిపోయింది. నోట్‌బుక్కుని ఎన్నిసార్లు తిరగేసినా ఇది తేలదు.

వాసనకి ఆకు పరీక్ష ఉంది. ఆకు ముక్కలు తరిగి 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి మూత పెట్టి పది నిమిషాలు ఉంచి వాసన చూడటం. 1978లో సూద్, సిద్దిఖ్ చెప్పిన పద్ధతి. ద్రావణం చేతికి తగలనివ్వకండి, కాలుతుంది. పక్కన చిట్టిముత్యాలు ఆకు ఒకటి, 1010 ఆకు ఒకటి పెట్టుకుంటే పోల్చుకోవచ్చు. షీట్‌లో వాసన చూసినవాళ్ల పేరు తప్పకుండా రాయండి. పది పదిహేను చూశాక ముక్కు మొద్దుబారుతుంది, ఇంట్లో ఒకరికి వచ్చే వాసన ఇంకొకరికి రాదు.

చేలో ఎక్కించడానికి ఆండ్రాయిడ్‌లో ఫీల్డ్ బుక్ అనే ఉచిత యాప్ ఉంది. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసింది, సిగ్నల్ లేకపోయినా నడుస్తుంది. నాట్ల జాబితాని లోపలికి పంపితే సాలు సాలుకీ ఒక తెర వస్తుంది, ఎత్తు కొట్టి ముందుకి జరపడమే. ప్రతి సాలుకీ ఎక్కడా రెండోసారి రాని నంబరు కావాలని మొదటే అడుగుతుంది. బీఎంఎస్, బ్రీడ్‌బేస్ లాంటి పెద్దవి కూడా ఉన్నాయి. వందల క్రాసులు చేసేవాళ్లకి అవి. మీ రెండు క్రాసులకి నేనైతే అటు వెళ్లను.

కోడ్_కాపరి:

ఒక హెచ్చరిక. ఆ యాప్‌కి పంపే ఫైలు సీఎస్‌వీ (కాలమ్‌లని కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు). అందులో తెలుగు ఉంటే, ఎక్సెల్ నుంచి సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని ఉన్న సీఎస్‌వీని ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే చిట్టిముత్యాలు అంతా ప్రశ్నార్థకాలు అయిపోతాయి. తిరిగి వచ్చిన ఫైలుని డబుల్ క్లిక్ చేయకుండా ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకోండి, అక్కడే కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పొచ్చు. ఎవరైనా అను ఫాంట్లలో కొట్టిన పాత జాబితా ఇస్తే ముందు యూనికోడ్‌కి మార్చందే కలపకండి.

చేలో నుంచి వచ్చిన అసలు ఫైలుని ముట్టుకోకుండా ఒక ఫోల్డర్‌లో పడేయండి. దిద్దుబాట్లన్నీ కాపీలో. బ్యాకప్ ఒకటి ఇంట్లో లేని చోట ఉండాలి.

గోదారి_గట్టు:

అప్‌డేట్. "తల్లి పొట్టి, పిల్ల పొడుగు" వడపోత పెట్టాను. ఒక సాలు మొత్తం పట్టుబడింది. నాన్నకి ఫోన్‌లో చెప్తే కాసేపు ఆగి, "ఆ ఏడు కల్లంలో వాన పడింది, పొట్లాలు లోపలికి హడావిడిగా తెచ్చాం" అన్నారు. ఆ పొట్లం, దాని పక్క పొట్లం రెండూ తారుమారయ్యాయని తేలింది. పక్క పొట్లం తల్లి పొడుగు, పిల్లలు మాత్రం అన్నీ పొట్టివి, లెక్క సరిపోయింది. పేర్లు మార్చాల్సిన పని పడలేదు, తల్లి కాలమ్‌లో రెండు అంకెలు అటూ ఇటూ చేశాను అంతే. కాపరి గారూ, మీ మాట నిలబడింది.

యాప్ సంగతి అడిగితే ఫోన్ ఎండలో కనపడదు, తడి చేత్తో పట్టుకోలేను, పుస్తకమే రాస్తానన్నారు. ఒక్క షరతుకి ఒప్పుకున్నారు: నేను నాట్ల జాబితాని పెద్ద అక్షరాలతో, ఆయన నడిచే వరసలో అచ్చు వేసి ఇస్తే అందులోనే రాస్తారట. బోదె గట్టు మీద ఇటు నుంచి వెళ్లి అటు నుంచి వస్తారు కాబట్టి సరి సాళ్లు తిరగేసి అచ్చు వేయాలి.

ఇక మిగిలింది ట్యాగులు. ఊడ్పులు దగ్గర పడ్డాయి. స్టిక్కర్ ప్రింటర్ కొనమంటారా?

పాత_బ్రీడర్:

నాన్నగారు చెప్పిందే రైటు. పుస్తకం ఉండనివ్వండి. రోజూ సాయంత్రం ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి మీకు పంపమనండి, మీరు అక్కడ ఎక్కించుకోండి.

పొలం_పీహెచ్‌డీ:

స్టిక్కర్లలో వేడితో అచ్చయ్యే చౌక రకం (కొట్లో బిల్లు వస్తుందే, ఆ కాగితం) అస్సలు వద్దు. ఎండకి వెలిసిపోతుంది, కోతల నాటికి తెల్ల కాగితమే మిగులుతుంది. రిబ్బన్‌తో అచ్చు వేసే ప్రింటర్, ప్లాస్టిక్ లేబుల్ అయితే నిలుస్తుంది. కానీ రెండు క్రాసులకి అది ఖర్చు ఎక్కువ. ప్లాస్టిక్ ట్యాగు మీద మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్ పెన్ను వద్దు, స్కెచ్ పెన్ను వద్దు. పెన్సిల్ గీత ఎండకీ పోదు, వానకీ పోదు. సాలు మొదట్లో ఒకటి, చివర ఒకటి, మొత్తం రెండు. కోసిన దుబ్బుతో పాటు ఇంకోటి పొట్లం లోపల వేయాలి, పైన రాసింది చెరిగినా లోపలిది ఉంటుంది.

మిరప_తోట:

పొట్లం లోపల వేసేటప్పుడు గింజ బాగా ఆరిందో లేదో చూసుకోండి. తడి ఉంటే కాగితం ట్యాగుకి బూజు పట్టి నంబరు పోతుంది.

గోదారి_గట్టు:

పెన్సిల్, ప్లాస్టిక్ ట్యాగులు రేపే కొంటాను. బీపీటీ క్రాస్‌కి ఎఫ్1 గింజలు పదిలోపే ఉన్నాయి, వాటికి గింజ గింజకీ నంబరు ఇవ్వాలా, అన్నిటికీ కలిపి ఒకటా?

పాత_బ్రీడర్:

గింజ గింజకీ ఇవ్వండి. ఎఫ్1లో ఒకటో రెండో నిజమైన క్రాస్ కాకుండా తల్లి తన పుప్పొడితోనే కట్టుకున్న గింజలై ఉండొచ్చు. మొలిచాక వాటిని చూసి పీకేయాలంటే విడి నంబర్లు కావాలి. పీకేసినా నంబరు కొట్టేయకండి, పక్కన "క్రాస్ కాదు" అని రాసి వదిలేయండి.